ఎవరెవరు ఏమేం తిన్నారు

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. బెళుగుప్ప నుంచి పడమటికి పోయే దారిలో, గాలిమరల కింద, ఎర్రనేల మధ్య ఉన్న చిన్న ఊరు. ఆ ఊరివాళ్ళు ఇది చదివితే తమదేనని ఇట్టే పోల్చుకుంటారు. మిగిలినవాళ్ళకు పేరు తెలిసి ఒరిగేది ఏమీ లేదు.

నేను ఆరోగ్యశాఖలో సూపర్‌వైజర్‌ని. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, నర్సమ్మగా ఉద్యోగంలో చేరి, పల్లెలు తిరిగి తిరిగి ఈ పనికి వచ్చాను. జ్వరాలో, నీళ్ళ విరేచనాలో, ఎక్కడ ఏది మామూలుకన్నా ఎక్కువగా కనిపించినా అక్కడికి పోయి, ఎందుకొచ్చిందో కనుక్కొని, పైకి రాసి పంపడం నా పనిలో ఒక భాగం. ఎక్కువసార్లు కారణం పగిలిన పైపో, మూత లేని నీళ్ళ ట్యాంకో అయి ఉంటుంది. నీవల్లే ఇదంతా జరిగిందని పైపుకు చెప్పాల్సిన పని లేదు కాబట్టి అది సులువు. ఈసారి అలా కాలేదు.

ఎండాకాలం, బడులు మూసిన కొత్త. మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. నిదానస్తురాలు, ప్రతిదానికీ కంగారుపడే మనిషి కాదు.

"మేడమ్, ఈడ పుట్టెంట్రుకల ఇంట్లో తిన్నోళ్ళు వాంతులు చేసుకుంటాండారు. ఒకరిద్దరు కాదు. మా వీధిలోనే ఇంటికి ఇద్దరున్నారు."

"పిల్లోళ్ళు ఉండారా?"

"ఉండారు. మీరు బయల్దేరండి ముందు."

డాక్టరుగారికి చెప్పి, 108కి ఫోన్ చేయించి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు సంచినిండా వేసుకొని స్కూటీ మీద బయలుదేరాను. నేను చేరేసరికి ఆశా మనిషి బడి తాళం తీయించి, వరండాలో చాపలు పరిపించింది. అందరినీ ఒకచోటికి చేరిస్తే చూసుకోవడం తేలికని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే ఆలోచించి చేసింది.

వరండా నిండా మనుషులు. కడుపు పట్టుకొని ముడుచుకున్నవాళ్ళు, గోడకు ఆనుకొని కళ్ళు మూసుకున్నవాళ్ళు, బకెట్ ముందు కూర్చొని లేవలేనివాళ్ళు. ఒంటి మీద చెయ్యి పెట్టి చూశాను, ఎవరికీ జ్వరం లేదు. కడుపులో మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు. అందరికీ భోజనం చేసిన రెండు మూడు గంటల్లోనే మొదలయింది. డాక్టరుగారు వచ్చి, సెలైన్లు పెట్టిస్తూ నాతో అన్నారు: "ఇంత తొందరగా వచ్చిందంటే కడుపులోకి పోయాక తయారైంది కాదు. తినేటప్పటికే తిండిలో విషం ఉంది. ఏ పదార్థంలోనో మీరు కనుక్కోండి."

చీకటి పడేలోగా చాలామంది తేరుకున్నారు. ఇద్దరు ముసలివాళ్ళను, ఒక గర్భిణిని అనంతపురం పంపించాం, మర్నాటికి వాళ్ళూ కోలుకున్నారు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. చదివేవాళ్ళు ఆ భయంతో చదవకూడదని ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

నా తప్పు ఆ వరండాలోనే జరిగింది.

సెలైన్ ఎక్కుతున్న ఒక నడివయసాయన్ని, చుట్టూ అంతమంది ఉండగా, "కూర తిన్నావా అన్నా? ఆ మాంసం ఎప్పుడు కోసింది?" అని అడిగాను. అడగవలసిన ప్రశ్నే. కానీ అడగవలసిన చోటు అది కాదు. విందు ఇంటివాళ్ళు అమ్మవారికి సొంత పొట్టేలును కోశారట. అది చాలక ఊళ్ళో మాంసం అంగడి నుంచి ఇంకొంత తెచ్చారట. ఆయన ఆ మాట చెప్పగానే పక్కన ఎవరో, "ఇంకేం, సాయిబు అంగట్లోదే. నిన్నటిది కలిపింటాడు" అన్నారు. ఆ మాట వరండా దాటి పోవడం నేను గమనించలేదు. గమనించి ఉంటే అప్పుడే ఆపగలిగేదాన్నేమో. నా కళ్ళు సెలైన్ బాటిళ్ళ మీద ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆ ఊరికి పోయాను. ఊరి మొదట్లోనే మాంసం అంగడి. రేకుల షెడ్డు, ముందు చింతమొద్దు. మొద్దు రోడ్డు మీద బోర్లా పడి ఉంది. రేకు మీద ఎవరో పేడ కొట్టారు. అంగడి యజమాని, యాభై దాటిన మనిషి, షెడ్డు లోపల స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచి బయటికి వచ్చాడు.

"మేడమ్, మీరేనా నిన్న వచ్చింది?"

"నేనే."

"నా మాంసంలోనే దోషముండాదని మీరు చెప్పినారంట."

"చెప్పలేదు అన్నా. అడిగినా, అంతే."

ఆయన ఆ తేడా గురించి వాదించలేదు. "అదే పొట్టకూర, అదే తొడకూర మా ఇంట్లో గూడా వండినాము. పొద్దున కోసిందే. నేను, నా పెండ్లాం, మా అమ్మ, ముగ్గురమూ తింటిమి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇదైనా రాసుకోండి" అన్నాడు.

రాసుకున్నాను. నా కాగితంలో అదే మొదటి వరస. మొద్దును ఇద్దరం పట్టుకొని లేపి షెడ్డు ముందు పెట్టాం. తర్వాత ఆయన లోపలికి పోయి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

ఇలాంటప్పుడు చేసే పని చూడడానికి చాలా చిన్నది. ఒక కాగితం మీద అడ్డంగా నిలువుగా గీతలు గీసుకుంటాం. ఒకవైపు మనుషులు, ఇంకోవైపు పదార్థాలు. సంగటి, మాంసం కూర, అన్నం, పప్పు, ఓళిగలు (బొబ్బట్లు), మజ్జిగ. ఎవరెవరు ఏమేం తిన్నారు, ఎవరికి వచ్చింది, ఎప్పుడు వచ్చింది. జబ్బు పడినవాళ్ళనే కాదు, అదే పంక్తిలో కూర్చొని తిని హాయిగా ఉన్నవాళ్ళనూ అడగాలి. నిజానికి వాళ్ళ దగ్గరే ఎక్కువ సంగతి దొరుకుతుంది. కానీ ఒంట్లో బాగున్నవాళ్ళకు మనతో మాట్లాడే తీరిక ఉండదు.

ఆశా మనిషి, నేను ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాం. మొదటి నాలుగైదు ఇళ్ళలో నాకు ఒకటే జవాబు వచ్చింది: "కూరే మేడమ్, ఇంకేముంటాది." ఏం తిన్నారని అడిగితే ఏది చెడిందో చెబుతున్నారు. నిన్నటి నా ప్రశ్నే జవాబుగా తిరిగి నా దగ్గరికి వస్తోంది. అప్పుడు ఆశా మనిషి నన్ను వీధి మలుపులో ఆపి, "మీరు అట్ల అడగొద్దు మేడమ్. ఎవరి పక్కన కూర్చుంటివి, ఎవరు వడ్డించిరి, ఆకులో ముందు ఏమేసిరి అని అడగండి. కండ్ల ముందర కనపడితే అబద్ధం రాదు" అంది.

అలాగే అడిగాను. మనుషులు కాసేపు ఆలోచించి, విస్తరి గుర్తు చేసుకొని చెప్పడం మొదలుపెట్టారు. ఒకామె నవ్వుతూ, పక్కన కూర్చున్న వదినె ఆకులో ఎన్ని ముక్కలు పడ్డాయో కూడా చెప్పింది.

పదకొండు గంటల వేళ ఒక అవ్వ ఇంటికి పోయాం. విందు జరిగిన ఇంటికి ఎదురిల్లే. గుమ్మం దగ్గర చాప మీద పడుకొని ఉంది. ముందురోజు బాగా నీరసించిపోయినవాళ్ళలో ఆమె ఒకతె. కూర ఎన్ని ముక్కలు తిన్నావవ్వా అని అడిగితే ఆమె లేచి కూర్చుంది.

"నేను కూర తినేదేంది పాపా. మా ఇంట్లో ఎవరూ ముట్టరు. ఇంత అన్నము, పప్పు, రెండు ఓళిగలు తింటి. నాకు వేరేగా ఈ గుమ్మంలోకే తెచ్చిచ్చినారు."

ఆశా మనిషి, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ తర్వాత చెనిక్కాయలు ఒలిచే మిషన్ దగ్గర పనిచేసే నలుగురు మగవాళ్ళు దొరికారు. మొదటి పంక్తిలోనే కూర్చొని సంగటి, కూర బాగా తిని, పనికి పొద్దుపోతోందని ఓళిగలు పెనం మీద నుంచి దిగకముందే లేచిపోయారట. నలుగురికీ ఏమీ కాలేదు. సాయంత్రం దాకా మూటలు మోశామన్నారు.

అన్నిటికన్నా గట్టి జవాబు తాడిపత్రి నుంచి వచ్చింది. విందు ఇంటి పెద్దల్లుడు అక్కడ బండలు పాలిష్ చేసే యూనిట్‌లో పనిచేస్తాడు. తిన్న వెంటనే బస్సెక్కి పోయాడు. పోతూ ఇంట్లోవాళ్ళకు ఓళిగలు కట్టించుకున్నాడని ఎవరో అన్నారు. నంబరు తీసుకొని ఫోన్ చేశాను.

"నాకు బస్సులోనే మొదలయింది మేడమ్" అన్నాడు నీరసంగా. "ఇంటికొచ్చి పడుకుంటి. పొద్దుమునిగినాక మా అమ్మ, మా తమ్ముడు గూడా వాంతులు చేసుకొనిరి. నా నుంచి అంటుకుందేమో అనుకుంటిమి."

"వాళ్ళు ఆడ భోజనానికి రాలేదు కదప్పా. ఏం తిన్నారు?"

"సంచిలో ఉండే ఓళిగలు తినిరి."

"కూర తీసుకుపోయినావా?"

"లేదు మేడమ్. కూర బస్సులో ఒలుకుతాదని తీసుకుపోలే."

ఫోన్ పెట్టేసి, వేపచెట్టు నీడలో స్కూటీ సీటు మీద కాగితం పరుచుకొని చూశాను. ఓళిగలు తిన్నవాళ్ళలో జబ్బు పడకుండా మిగిలింది కొందరే. తిననివాళ్ళలో ఒక్కరూ పడలేదు. లెక్కలు రాని మనిషికైనా అర్థమవుతుంది. నాకు పట్టలేనంత ఊరట కలిగింది. వెంటనే మాంసం అంగడి దగ్గరికి పోయి చెప్పేయాలనిపించింది. కానీ ఓళిగల్లో ఏమైందో తెలియకుండా ఆ మాట అంటే, నిన్నటి తప్పే మళ్ళీ ఇంకొకరి మీద చేసినట్టు. ఆగాను.

విందు ఇంట్లో పందిరి ఇంకా తీయలేదు. ఇంటి పెద్దావిడ, బిడ్డకు నాయనమ్మ, అరుగు మీద కూర్చొని ఉంది. ఆమె కూడా జబ్బు పడి లేచిందే. ఓళిగల మాట ఎత్తగానే మొహం ముడుచుకుంది.

"ఓళిగల్లో ఏముంటాది మేడమ్. బ్యాళ్ళు, బెల్లము, యాలకులు. నా పెండ్లి నాటి నుంచి చేస్తాండా."

"తప్పు పట్టేదానికి రాలేదమ్మా. ఎట్ల చేస్తారో చెప్పండి, రాసుకుంటా."

చేసే విధానం అడిగితే ఏ వంటావిడకైనా నోరు విచ్చుకుంటుంది. ముందురోజు సాయంత్రం శనగబ్యాళ్ళు ఉడికించి, నీళ్ళు వంచి, బెల్లం వేసి, గ్రైండర్‌లో రుబ్బారు. తర్వాత పూర్ణం చేత్తో బాగా పిసికి, ఉండలు చేసి, పెద్ద గుండిగలో పెట్టి, గుడ్డ కప్పి, మూత పెట్టారు. ఆ గుండిగ రాత్రంతా వంటింట్లోనే, పొయ్యి పక్కన ఉంది. పొద్దున వాటిని పిండిలో పెట్టి తట్టి పెనం మీద కాల్చారు.

"ఫ్రిజ్‌లో పెట్టలేదా?"

"అంత గుండిగ ఏ ఫ్రిజ్‌లో పడతాది?"

"పూర్ణం పిసికింది మీరేనా?"

"నా చిన్న కూతురు. దాని చెయ్యి పడితే పూర్ణం వెన్న మాదిరి వస్తాది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే పనికి పోతాది, బిడ్డ పుట్టెంట్రుకలని ముందురోజే సెలవు పెట్టి వచ్చింది." లోపలికి తిరిగి, "ఏమ్మే, మేడమ్‌కు నీళ్ళియ్యి" అంది.

ఆమె చెంబుతో వచ్చింది. బిడ్డకు మేనత్త, ముప్పై ఏళ్ళుంటాయి. ఎడమచేత్తో చెంబు ఇచ్చింది. మన దగ్గర నీళ్ళు ఎడమచేత్తో ఇవ్వరు. కుడిచెయ్యి కొంగులో ఉంది.

నీళ్ళు తాగి, చేతులు కడుక్కోవాలని చెప్పి ఆమె వెంట పెరట్లోకి పోయాను. తొట్టి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు, "ఆ చెయ్యి చూపియ్యి తల్లీ" అన్నాను.

వంటింటి వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగు తీసింది. చూపుడువేలు కొస వాచి, గోరు పక్కన పసుపురంగు చీము కట్టి ఉంది.

"మిషన్ సూది దిగిందా?"

"వారమైంది. గోరులోనుంచి పోయింది."

"వంట చేసేటప్పుడు కట్టు లేదా?"

"ఉండె. గుడ్డ పూర్ణంలో పడతాదని తీసేసినా" అంది.

పదిమంది తినే తిండిలో గుడ్డపోగు పడకూడదని అంత జాగ్రత్త పడింది మనిషి. వేలు నొప్పి పెడుతున్నా గుండిగెడు పూర్ణం పిసికింది. అమ్మకు చెబితే పని చెయ్యనివ్వదని చెప్పలేదట.

సంచిలోంచి పరీక్షకు వాడే దూదిపుల్ల తీసి, వేలి దగ్గర మెల్లగా తిప్పి గొట్టంలో పెట్టాను. ఆమె దాన్నే చూస్తూ ఉంది.

"అది నా చేతి వల్లనేనా మేడమ్?"

"ఇప్పుడే చెప్పలేను. పరీక్షకు పంపల్ల."

"పెనం మీద కాల్చినాము కదా. ఇంత నిప్పు మీద."

డాక్టరుగారి దగ్గర నేను నేర్చుకున్నదే ఆమెకు చెప్పాను. పుండులో ఉండే క్రిమి కంటికి కనపడదు. తడి, వెచ్చదనం దొరికితే ఒక్క రాత్రిలో విపరీతంగా పెరుగుతుంది, తీపి దాన్ని ఆపలేదు. పెరుగుతూ ఒక విషం వదులుతుంది. పెనం మీద క్రిమి చస్తుంది గానీ ఆ విషం పోదు. రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు.

అంతా విని, "చానా బాగుండాయని అందరూ ఇంకొకటి ఏయించుకున్నారు" అంది మెల్లగా.

"నీ పేరు నేను యాడా చెప్పను. కాగితంలో గూడా ఉండదు" అన్నాను. వేలు డాక్టరుగారికి చూపించుకొని మందు తీసుకోమని చెప్పి, వెంట ఉండి చూపించాను కూడా.

ఎదురింటి అవ్వ ఇంట్లో ఒక ఓళిగ స్టీలు డబ్బాలో మిగిలి ఉంది. అదీ, వాంతి నమూనాలూ, ట్యాంకు నీళ్ళూ, ఆ దూదిపుల్లా ఐసు పెట్టెలో పెట్టి జిల్లా ల్యాబ్‌కు పంపాను. కొన్ని రోజులకు ఫలితం వచ్చింది. నీళ్ళలో ఏమీ లేదు. ఓళిగలో విషం ఉంది. వేలి మీదా, వాంతిలోనూ ఒకే రకం క్రిమి ఉంది. డాక్టరుగారు కాగితం నా చేతికిచ్చి, "మీరు అనుకున్నదే" అన్నారు. మామూలుగా అలాంటి మాట వింటే సంతోషం వేస్తుంది. ఆ రోజు వెయ్యలేదు.

ఈలోగా మాంసం అంగడి తెరుచుకోలేదు. నేను ఆ దారిన పోయినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. ఆయన పొద్దున్నే మోటార్‌సైకిల్ మీద వేరే ఊళ్ళ సంతలకు పోతున్నాడని ఆశా మనిషి చెప్పింది. ఊళ్ళోవాళ్ళు మాంసానికి బెళుగుప్పకు పోతున్నారట.

ఫలితం ముందు పూర్ణం పిసికిన ఆమెకే చెప్పాలనిపించింది. ఫోన్‌లో చెప్పే మాట కాదు. బస్సెక్కి రాయదుర్గం పోయాను. కుట్టుమిషన్ల హోరు వీధిలోకే వినిపిస్తోంది. అన్నం వేళకు బయటికి వచ్చిన ఆడవాళ్ళ వేళ్ళకు జీన్స్ గుడ్డ నీలిరంగు పట్టి ఉంది. ఆమె నన్ను దూరం నుంచే చూసి, తోటివాళ్ళను ముందు పోనిచ్చి, గోడ వార నీడలోకి వచ్చింది. వేలు మానింది. గోరు మాత్రం సగం ఊడింది.

"నాదేనా?" అంది.

"అవును తల్లీ."

ఆమె ఏడవలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది. తర్వాత, "సాయిబు మామ అంగడి తెరిచినాడా?" అని అడిగింది.

"లేదు."

"మా నాయన పోయినప్పుడు ఆయన మూడు దినాలు మా ఇంటి ముందరే కూర్చున్నాడు మేడమ్. నేను కడుపుకు తినకుంటే తిట్టి తినిపించినాడు. ఇప్పుడు నా వల్ల ఆయన అంగడి మూసుకున్నాడు. నేను నోరు మూసుకొని ఈడ కుట్టుకుంటాండా."

"నీ వల్ల కాదు. ఆ మాట ఊర్లోకి పోయింది నా వల్ల. నేను చెప్తా అందరికీ. నువ్వు రావాల్సిన పని లేదు."

"ఎప్పుడు చెప్తారు?"

"ఆదివారం పొద్దున."

లోపల గంట మోగింది. "సరే" అని లోపలికి పోయింది. అన్నం తినలేదు. చెప్పడానికి ఇంకో వేళ చూసుకోవాల్సిందని బస్సులో అనుకున్నాను.

ఆదివారం బడి వరండాలోనే జనాన్ని కూర్చోబెట్టాం. ఆశా మనిషి స్వయంగా పోయి పిలిచినందువల్ల మాంసం అంగడి ఆయన కూడా వచ్చాడు. లోపలికి రాకుండా స్తంభం దగ్గర నిలబడ్డాడు. విందు ఇంటి పెద్దావిడ ముందు వరసలో ఉంది. ఆమె వెనకాల కూతురు. రాదనుకున్నాను, వచ్చింది.

నేను మొదట నా సంగతే చెప్పాను. "ఆ పొద్దు ఈ వరండాలో అందరి ముందరా మాంసం గురించి అడిగింది నేను. అట్ల అడగకూడదు. తప్పు నాది. మాంసంలో ఏమీ లేదు. కూర మాత్రమే తిన్నోళ్ళకు ఎవరికీ రాలేదు, కూర ముట్టనోళ్ళకు వచ్చింది." తర్వాత ఓళిగల గురించి, పూర్ణం రాత్రంతా వెచ్చగా ఉండిపోవడం గురించి, పుండ్లున్న చేతుల గురించి చెప్పాను. వింటున్నారు. కొందరు తమ చేతులు తిప్పి చూసుకున్నారు.

నేను భయపడుతున్న ప్రశ్న వచ్చింది. వెనకనుంచి ఒకాయన, "అయితే పూర్ణం చేసిందెవరు మేడమ్? అది చెప్పండి" అన్నాడు.

"అది అవసరం లేదప్పా. ఏ ఇంట్లోనైనా ఇట్లనే చేస్తారు, మా ఇంట్లో గూడా. ఇంకమీద ఎట్ల చెయ్యల్లో మాట్లాడుదాం."

"ఊరంతా పడిపోతే అవసరం లేదంటే ఎట్ల?"

ఆమె లేచి నిలబడింది. తల్లి చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. ఆమె చెయ్యి విడిపించుకోలేదు గానీ కూర్చోలేదు.

"నేను చేసినా" అంది. "ఏలికి పుండుండె. తెలీక చేసినా. మామ మాంసం మంచిదే."

ఒకామె, "చెప్పింటే మేము చేసిస్తా ఉంటిమి కదమ్మా" అంది, కొంచెం కోపంగా, కొంచెం జాలిగా. ప్రశ్న అడిగినాయన తల వంచుకున్నాడు. తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

స్తంభం దగ్గర నుంచి మాంసం అంగడి ఆయన రెండడుగులు ముందుకు వచ్చాడు. ఏమంటాడోనని చూస్తున్నాను.

"ఏలు ఎట్లుండాది పాపా ఇప్పుడు?" అన్నాడు.

ఆమె చెయ్యి పైకెత్తి చూపించింది. ఆయన దగ్గరికి వచ్చి, కళ్ళు చిన్నవి చేసుకొని చూశాడు. "గోరు వస్తాదిలే. నాకు రెండుసార్లు పోయి వచ్చింది" అన్నాడు. అప్పటిదాకా నిలబడగలిగిన ఆమె అప్పుడు ఏడ్చింది.

అందరూ లేచిపోయాక ఆయనతో కలిసి అంగడి దాకా నడిచాను. విడిగా క్షమాపణ చెప్పుకోవాలని. ఆయన తాళం తీస్తూ విన్నాడు.

"మీరు అడిగినారంతే అని ఆ పొద్దు చెప్తిరి. నిజమే మేడమ్. కానీ ఊరికి అంత చాలు, మా లాంటోళ్ళ గురించైతే" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట ఎక్కువగా తగిలింది. తర్వాత టీ తాగి పొమ్మన్నాడు. ఇంట్లోంచి ఆయన భార్య రెండు గ్లాసులు తెచ్చిచ్చింది.

ఆ వారమే అంగడి తెరిచాడు. మొదట విందు ఇంటి పెద్దావిడే వచ్చి నిలబడిందట. మెల్లగా మిగిలినవాళ్ళూ వచ్చారు. రెండు మూడు ఇళ్ళవాళ్ళు మాత్రం ఇప్పటికీ బెళుగుప్పకే పోతారు. ఎందుకని అడిగితే అలవాటైపోయిందంటారు. వాళ్ళకు ఆ అలవాటు చేసింది నేనే. దాన్ని ఏ రిపోర్టులో రాసి పంపినా తిరిగి సరిదిద్దలేను.

రిపోర్టు పంపించాక పై ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి, వండిన మనిషి పేరు ఎందుకు రాయలేదని అడిగాడు. ఫారంలో ఆ గడి లేదని చెప్పాను. అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడయింది. "లేదులే" అని పెట్టేశాడు.

ఇప్పుడు నేను ఎక్కడికి పోయినా ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడుగుతాను. సమయం రెట్టింపు పడుతుంది. కొత్తగా చేరిన పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం రాయదుర్గం నుంచి ఫోన్ వచ్చింది. ఆమే. వెనకాల మిషన్ల హోరుకు మాట సరిగ్గా వినిపించడం లేదు.

"మేడమ్, నా పక్క మిషన్ పాపకు సూది దిగింది. ఏలు వాచింది. రేపు వాళ్ళ అక్క బిడ్డకు పేరు పెడతారంట, వంటంతా ఈ పాపదే అంట. నేను వద్దన్నా. ఎన్ని దినాలు ఆగల్ల?"

"పుండు పూర్తిగా ఆరేదాకా తల్లీ. చీము ఉన్నంతసేపూ తిండి ముట్టకూడదు. డాక్టరుకు చూపియ్యమను."

"అట్లనే చెప్తా." ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చి, "సరే మేడమ్, రేపు పొద్దున నేనే పోయి వంట చేసిస్తా. ఓళిగలైతే పూర్ణం అప్పటికప్పుడు రుబ్బుకుంటే సాలు కదా?" అంది.

"సాలు" అన్నాను.